తొలితరము నాయకులు – ప్రజల తీర్పు

ఎన్నికల రోజులలో నలుగురు కూడిన చోట ఒక మాట తరచుగా వినవస్తుంటుంది: "ఆనాటి మహనీయులు ఈనాడు నిలబడితే డిపాజిట్టు కూడా దక్కదు." ఈ మాటలో గతించిన పెద్దలయెడ గౌరవమున్నది; నేటి రాజకీయములయెడ ఏవగింపు ఉన్నది. కాని ఇందులో ఒక ఊహ కూడా దాగి ఉన్నది. ఆనాడు త్యాగమే ఓటు తెచ్చిపెట్టినదనీ, జైలుకు వెళ్ళి వచ్చినవారిని ప్రజలు అడుగకుండానే గెలిపించినారనీ ఆ ఊహ. అది ఎంతవరకు నిజమో చరిత్రనే అడిగి చూద్దాము.

స్వాతంత్ర్యమునకు పూర్వము మన దేశములో ఎన్నికలు లేకపోలేదు. అయితే 1935 నాటి చట్టము ప్రకారము ఓటుహక్కు ఆస్తినిబట్టి, పన్నునుబట్టి, చదువునుబట్టి కొద్దిమందికే దక్కినది. మన రాజ్యాంగమును వ్రాసిన పరిషత్తు సభ్యులలో అధిక సంఖ్యాకులను ఎన్నుకొన్నది రాష్ట్ర శాసనసభలే గాని, ప్రజలు నేరుగా కాదు. అట్టివారు కూడి, 21 సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు ఇచ్చినారు. అనగా తమకు తీర్పు చెప్పబోయే న్యాయాధిపతిని వారే పీఠముపై కూర్చోబెట్టినారు. ఆ న్యాయాధిపతి వారిని ఎట్లు ఆదరించినాడన్నదే మన ప్రశ్న.

1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి వరకు తొలి సాధారణ ఎన్నికలు జరిగినవి. ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. వారిలో అధిక సంఖ్యాకులు చదువురానివారు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెపై గుర్తు ఏర్పాటు చేసినారు. ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని అని తప్ప సొంత పేరు చెప్పనందువలన సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలో చేరలేదు. ప్రధాని నెహ్రూ అంతటి జనాకర్షణ కలవారు కూడా ఇంట కూర్చుండి గెలువలేదు. సుమారు 25 వేల మైళ్ళు దేశమంతటా తిరిగినారు.

ఫలితములు వచ్చినప్పుడు దేశము ఆశ్చర్యపోయినది. రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షులైన డాక్టరు అంబేద్కరు బొంబాయి నగరములో సుమారు 15 వేల ఓట్ల తేడాతో ఓడిపోయినారు. 1954లో భండారా ఉపఎన్నికలో మరల నిలిచినారు. అక్కడ కూడా జయము కలుగలేదు. స్వాతంత్ర్యము వచ్చిన దినమున కాంగ్రెసు అధ్యక్షులుగా ఉన్న ఆచార్య కృపలానీ ఫైజాబాదులో ఓడిపోయినారు. తరువాత ప్రధానమంత్రి పదవిని అలంకరించిన మొరార్జీ దేశాయి ఆనాడు బొంబాయి శాసనసభకు పోటీచేసి 19 ఓట్ల తేడాతో పరాజితులైనారు.

మన ప్రాంతపు ముచ్చట మరింత విశేషమైనది. 375 స్థానములున్న మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కినవి. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా, మంత్రులు బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావుగారలు ఓడిపోయినారు. అనంతపురములో నీలం సంజీవరెడ్డిగారు తమ బావమరిదియే అయిన తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో పరాజయము పొందినారు. నల్లగొండలో కథ వేరు. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధము ఉండుటచేత ప్రజాతంత్ర కూటమి పేర పోటీచేసిన రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చినవి. నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. తుపాకి పట్టిన ఉద్యమమునుండి వచ్చినవారిని సైతము ఓటరు తన పెట్టెవద్దకు ఆహ్వానించి ఆదరించినాడు.

ఇక ప్రకాశం పంతులుగారి మాట. 1928లో సైమను కమిషను వచ్చినప్పుడు మద్రాసు వీధులలో తుపాకులకు రొమ్ము చూపిన ధీరుడాయన. బారిష్టరుగా గడించినదంతా దేశసేవలో వ్యయము చేసినారు. 1946లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి అయినారు. అట్టివారిని 1952లో ఓడించినది మరెక్కడివారో కాదు, ఆ మద్రాసు నగరపు ఓటర్లే. ఇరువది నాలుగేళ్ళ క్రిందట ఏ వీధులు ఆయనకు జేజేలు పలికినవో ఆ వీధులే ఇంకొకరిని ఎన్నుకొన్నవి. ప్రజలు కృతఘ్నులని మనము తొందరపడి అనరాదు. కృతజ్ఞత వేరు, ప్రాతినిధ్యము వేరు అని ఓటరు గ్రహించినాడేమో! పూలమాల వేసిన చేయి ఓటు కూడా వేసి తీరవలెనన్న నియమము లేదు.

కావున ఆనాటి పెద్దలు ఈనాడు గెలువగలరా అన్న ప్రశ్నకు మొదటి సమాధానము ఇది: వారిలో పలువురు ఆనాడే గెలువలేదు.

అయినను ప్రశ్న అంతటితో తీరదు. ఓడినవారికి తరువాత ఏమైనది? అంబేద్కరు 1952లోనే రాజ్యసభలో ప్రవేశించినారు. కృపలానీ 1953లో భాగల్పూరు ఉపఎన్నికలో గెలిచినారు. 1962లో బొంబాయిలో ఓడి, 1963లో అమ్రోహానుండి గెలిచి, ఆ సంవత్సరమే లోకసభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించినారు. ప్రకాశముగారు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి అయినారు; మరుసటి సంవత్సరము శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పదవిని కోల్పోయినారు. సంజీవరెడ్డిగారి జీవితములో విధి చేసిన వింత చూడండి. 1952లో సొంత జిల్లాలో ఓడిన ఆయన 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయినారు. 1977లో రాష్ట్రములోని 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసు పరము కాగా, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ పక్షమున గెలిచినది ఆయనే. ఆ సంవత్సరమే పోటీ లేకుండా రాష్ట్రపతి అయినారు. ఆ కాలములో ఓటమి ప్రజాజీవితమునకు ముగింపు కాలేదు.

అట్లని ఓటమి తరువాతి ద్వారములన్నియు సమముగా మంచివని మేము చెప్పము. 1952లో రాజాజీ ఎన్నికలలో పోటీచేయకయే గవర్నరు నామినేషనుతో శాసనమండలి సభ్యులై, మద్రాసు ముఖ్యమంత్రి అయినారు. సమర్థులే, కాని ప్రజలయెదుట నిలువని మార్గమది. ఆనాడే పలువురు ఆక్షేపించినారు.

ఇప్పుడు నేటి కాలమునకు వద్దాము. తొలి ఎన్నికలలో లోకసభ స్థానమునకు సగటున సుమారు మూడున్నర లక్షల ఓటర్లుండిరి. 2024లో దేశమంతటా ఓటర్లు సుమారు 97 కోట్లు, స్థానములు 543, సగటున ఒక్కొక్క స్థానమునకు దాదాపు 18 లక్షలు. కాలినడకన, జట్కాబండిపైన తిరిగి ముఖాముఖి పలుకరించగల సంఖ్య కాదది. తొలినాడు అనేక రాష్ట్రములలో లోకసభ అభ్యర్థి వ్యయపరిమితి 25 వేల రూపాయలు. 2024లో పెద్ద రాష్ట్రములలో అది 95 లక్షలు; పార్టీలు చేసే వ్యయమునకైతే పరిమితియే లేదు. ప్రకాశముగారు కాంగ్రెసును విడిచి వేరొక పక్షమును నిర్మించినారు. దానిని కూడా విడిచి కాంగ్రెసు మద్దతుతో ప్రభుత్వమును ఏర్పరచినారు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టము క్రింద అట్టి స్వతంత్రత చూపిన సభ్యుడు సభ్యత్వమునే కోల్పోవును. ఆ చట్టము ధనముతో సభ్యులను కొనుటను అడ్డుకొనుటకు వచ్చినదే. కాని ఒంటరిగా నిలువదలచిన మనస్వికి కూడా అది అడ్డుగోడయే.

ఈ మార్పులను తూచి చూచినచో మాకు తోచునది ఒకటి. ఆనాటి నాయకుడు ఓటరు వద్దకు వచ్చి ఓడిపోయినాడు. ఈనాడు అట్టివాడు ఓటరు వద్దకు వచ్చునంతలోనే, టికెట్టు వద్ద, ఖర్చు వద్ద, ఆగిపోవు భయమున్నది. మొదటిది ప్రజాతీర్పు. రెండవదానికి ఆ పేరు చెల్లదు. ఎందుకనగా ప్రజలను అక్కడ ఎవరును అడుగలేదు.

అందుచేత మహనీయులు ఓడిపోయినారని మనము సిగ్గుపడనక్కరలేదు. ఫలితము నచ్చనివారు చట్టము చూపిన మార్గములో ప్రశ్నించినారే గాని, సామాన్యునికిచ్చిన ఓటును తిరిగి తీసుకొనవలెనని కోరలేదు. ఆ ఓటు విలువను వారు తమ ఓటమితోనే చెల్లించినారు. మనము చూచుకొనవలసినది మరొకటి. రేపు మన వీధిలో అట్టివాడు ఒకడు ఉన్నచో, అతని పేరు మన ఓటు యంత్రముపైకి రాగలదా? వచ్చిన పిమ్మట ఓడించుట, గెలిపించుట మన ఇష్టము. రాకుండానే పోయినచో ఆ లోపము పోయిన పెద్దలది కాదు, మనదే.