వీడియో గేములలో ఔత్సాహికుల లెవెళ్ళు - ఆటగాళ్ళ స్పందన

వీడియో గేములో ఒక ప్రారంభం, ఒక గమ్యం కలిగిన ఒక్కొక్క దశను లెవెల్ అంటారు. గేమును తయారు చేసిన సంస్థ కాక, ఆ గేమును ఆడేవారే సొంతంగా లెవెళ్ళను నిర్మించి ఇతరులకు ఉచితంగా అందించడం 1980ల నుండి ఉన్న ఆచారం. ఇటువంటి ఔత్సాహిక రూపకర్తలకు సాధారణంగా పారితోషికం ఉండదు. ఆడినవారు చెప్పే మంచిచెడ్డలే వారికి దక్కే ప్రతిఫలం. అయితే రూపకర్తలలో ఎక్కువమందికి ఈ స్పందన చాలా తక్కువగా అందుతుంది, లేదా అసలే అందదు. 1993లో వచ్చిన డూమ్ నాటి నుండి కనిపించే ఈ సమస్య, 2015లో నింటెండో సంస్థ విడుదల చేసిన సూపర్ మారియో మేకర్‌లో మరింత స్పష్టంగా బయటపడింది.

నేపథ్యం

1983లో వెలువడిన లోడ్ రన్నర్ అనే గేములో 150 లెవెళ్ళతో పాటు, కొత్త లెవెళ్ళను తయారు చేసుకునే ఎడిటరు కూడా ఉండేది. బిల్ బడ్జ్ రూపొందించిన పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్‌తో ఎవరైనా తమ సొంత పిన్‌బాల్ బల్లను నిర్మించుకోగలిగేవారు. ఆ రోజులలో ఇవి ఫ్లాపీ డిస్కుల మీద చేతులు మారేవి. కనుక చాలా సందర్భాలలో ఆడేవారు రూపకర్తకు తెలిసినవారే అయి ఉండేవారు.

1993 డిసెంబరు 10న ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన డూమ్ ఈ పరిస్థితిని మార్చింది. ఈ గేములోని లెవెళ్ళు, బొమ్మలు, శబ్దాలు ప్రధాన ప్రోగ్రాములో కాక, వాడ్ అనే ప్రత్యేక ఫైళ్ళలో ఉంచబడ్డాయి. ఆటగాళ్ళు మార్పులు చేసుకోవడానికి వీలుగా ఉండాలనే ఉద్దేశంతోనే ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఈ ఏర్పాటు చేసాడు. 1994 ఆరంభానికే ఔత్సాహికులు డి.ఇ.యు. అనే ఎడిటరును తయారు చేసుకున్నారు. కొద్ది కాలంలోనే వేల సంఖ్యలో లెవెళ్ళు వెలువడ్డాయి.

డూమ్ లెవెళ్ళతో పాటు ఒక చిన్న టెక్స్టు ఫైలును జతచేసే ఆచారం ఏర్పడింది. అందులో రూపకర్త పేరు, ఈ-మెయిలు చిరునామా, నిర్మాణానికి పట్టిన కాలం మొదలైన వివరాలు ఉండేవి. ఆడినవారు రూపకర్తకు తమ అభిప్రాయం తెలపడానికి అదే ప్రధాన మార్గం. కాని ఫైలు ఎన్ని చేతులు మారిందో, ఎందరు ఆడారో రూపకర్తకు తెలిసేది కాదు. 1995లో ఇడ్ సంస్థ విడుదల చేసిన మాస్టర్ లెవెల్స్ ఫర్ డూమ్ II సీడీలో, మాక్సిమమ్ డూమ్ పేరుతో అంతర్జాలం నుండి సేకరించిన వెయ్యికి పైగా ఔత్సాహికుల వాడ్ ఫైళ్ళు కూడా చేర్చబడ్డాయి. దుకాణంలో ఆ సీడీని కొని ఆడినవారెవరో, ఏమనుకున్నారో ఆ ఫైళ్ళ రూపకర్తలకు తెలిసే అవకాశం దాదాపు లేదు.

స్పందన వలన ఉపయోగం

లెవెలును నిర్మించినవాడు దానిని కొత్తగా చూడలేడు. దాగిన ద్వారం ఎక్కడ ఉన్నదో, శత్రువు ఏ మూల నుండి వస్తాడో అతనికి ముందే తెలుసు. కనుక దారి తెలియక ఆటగాడు ఎక్కడ చిక్కుకుంటాడో, ఎక్కడ విసుగు చెందుతాడో ఇతరులు ఆడితేనే బయటపడుతుంది.

ఈ కారణంగానే గేము సంస్థలు విడుదలకు ముందు బయటివారి చేత ఆడించి చూస్తాయి. హాఫ్-లైఫ్ (1998) నిర్మాణంలో వాల్వ్ సంస్థ ఈ పద్ధతిని విరివిగా వాడింది. ఆటగాడు ఆడుతుండగా రూపకర్తలు పక్కన కూర్చొని, ఏ సలహా ఇవ్వకుండా గమనించి వ్రాసుకునేవారు. రెండు గంటల పాటు జరిగే ఒక్కొక్క పరీక్ష నుండి సుమారు 100 మార్పులు తేలేవని ఆ సంస్థకు చెందిన కెన్ బర్డ్‌వెల్ 1999లో వ్రాసాడు. ఒంటరిగా పనిచేసే ఔత్సాహికునికి ఇటువంటి సదుపాయం ఉండదు. అతని లెవెలుకు తొలి పరీక్ష, విడుదల రెండూ ఒకే రోజున జరుగుతాయి.

స్పందన బాగా అందినపుడు ఔత్సాహికుల పని ఎంత ఎదగగలదో చెప్పడానికి కౌంటర్-స్ట్రైక్ మంచి ఉదాహరణ. మిన్ లీ, జెస్ క్లిఫ్ హాఫ్-లైఫ్ ఆధారంగా దీనిని రూపొందించి, 1999 జూన్‌లో తొలి బీటాను విడుదల చేసారు. ఆ తరువాత వరుసగా బీటాలు విడుదల చేస్తూ, ఆటగాళ్ళ అనుభవాన్ని బట్టి ఆయుధాలను, నియమాలను సవరించారు. వాల్వ్ సంస్థ దీని హక్కులను కొని, 2000 నవంబరులో స్వతంత్ర గేముగా విడుదల చేసింది.

స్పందనలో రకాలు

రూపకర్తకు అందే స్పందన ముఖ్యంగా నాలుగు విధాలుగా ఉంటుంది.

* లెక్కలు: ఎందరు ఆడారు, ఎందరు పూర్తి చేసారు అనే అంకెలు. ఆటగాడు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేకుండా ఇవి నమోదవుతాయి. ఎందుకు మానివేసారో వీటి వలన తెలియదు.
* గుర్తులు: నక్షత్రం, హృదయం, బొటనవేలు వంటివి. నచ్చిందని చెబుతాయి గాని ఏది నచ్చిందో చెప్పవు.
* జాడలు: ఆటగాళ్ళు ఏ చోట ఓడిపోయారో చూపే గుర్తులు. ఏ గుంట అతి కష్టంగా ఉన్నదో తెలుసుకోవడానికి ఇవి పనికివస్తాయి.
* వ్యాఖ్యలు: మాటలలో చెప్పిన అభిప్రాయాలు. రూపకర్తకు అన్నింటికంటె ఎక్కువగా ఉపయోగపడేవి ఇవే, అన్నింటికంటె అరుదుగా లభించేవి కూడా ఇవే.

స్పందన కొరవడడానికి కారణాలు

నిర్మాణ సాధనాలు సులభమైన కొద్దీ లెవెళ్ళ సంఖ్య పెరిగింది. కాని ఆడేవారి తీరిక సమయం ఆ మేరకు పెరగలేదు. 2016 మే నాటికి సూపర్ మారియో మేకర్‌లో 72 లక్షలకు పైగా లెవెళ్ళు చేరాయని, వాటిని 60 కోట్ల సార్లు ఆడారని నింటెండో ప్రకటించింది. సగటున చూస్తే ఒక్కొక్క లెవెలుకు సుమారు 83 ఆటలు వచ్చినట్లు. అయితే ఈ ఆటలు అన్ని లెవెళ్ళకు సమానంగా పంపిణీ కావు. జనాదరణ ఉన్నవాటిని పట్టికలో ముందుంచే పద్ధతి వలన, ఇప్పటికే ఎక్కువమంది ఆడిన లెవెళ్ళకే కొత్త ఆటగాళ్ళు కూడా చేరుతారు. పట్టిక అడుగున పడిన లెవెలు ఎంత బాగున్నా ఎవరి కంటా పడదు.

ఆడినవారిలో కూడా అభిప్రాయం చెప్పేవారు కొద్దిమందే. అంతర్జాల సమూహాలలో సుమారు 90 శాతం మంది చూసి ఊరుకుంటారని, 9 శాతం మంది అప్పుడప్పుడు పాల్గొంటారని, మిగిలిన 1 శాతం మందే అధిక భాగం వ్రాస్తారని జాకబ్ నీల్సన్ 2006లో సూత్రీకరించాడు. గేముల విషయంలో మరికొన్ని ఆటంకాలు తోడవుతాయి. ఆటకు ఉద్దేశించిన కంట్రోలరుతో ఒక వాక్యం వ్రాయడం శ్రమతో కూడిన పని. ఒక లెవెలు ముగిసిన వెంటనే ఆటగాడి మనసు తరువాతి దానిపైకి పోతుంది. ఉచితంగా ఇచ్చినదానికి వంక పెట్టడం మర్యాద కాదని కొందరు మౌనం వహిస్తారు.

ఈ మౌనానికి అర్థం చెప్పుకోవడం కష్టం. లెవెలు ఎవరి దృష్టికీ రాకపోయినా, వచ్చి నచ్చకపోయినా, నచ్చి కూడా ఎవరూ ఏమీ అనకపోయినా రూపకర్తకు కనిపించేది ఒకే ఖాళీ పుట. మొదటి సందర్భంలో అతడు సరిదిద్దుకోవలసినది ఏమీ లేదు. రెండవ సందర్భంలో ఎంతో ఉండవచ్చు.

సూపర్ మారియో మేకర్

సూపర్ మారియో మేకర్ 2015 సెప్టెంబరు 10న జపానులోను, మరుసటి రోజున ఉత్తర అమెరికా, ఐరోపాలలోను నింటెండో వారి వీ యూ యంత్రం కొరకు విడుదలైనది. ఇందులో ఆటగాళ్ళు మారియో లెవెళ్ళను నిర్మించి సర్వరుకు ఎక్కించేవారు. ఎక్కించే ముందు రూపకర్త తన లెవెలును మొదటి నుండి చివరి వరకు స్వయంగా ఆడి పూర్తి చేయవలసి ఉండేది.

నక్షత్రాల ప్రాధాన్యత

లెవెలు నచ్చినవారు దానికి ఒక నక్షత్రం ఇచ్చేవారు. మొదట ఒక్కొక్కరు 10 లెవెళ్ళను మాత్రమే ఎక్కించగలిగేవారు. వచ్చిన నక్షత్రాలను బట్టి ఈ పరిమితి 100 వరకు పెరిగేది. ఆదరణ పొందని లెవెళ్ళు కొంతకాలం తరువాత సర్వరు నుండి తొలగింపబడేవి. కనుక ఇక్కడ స్పందన ప్రోత్సాహానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. రూపకర్త ఇంకా లెవెళ్ళను ఎక్కించవచ్చునా, ఎక్కించినవి నిలుస్తాయా అన్నది కూడా దానిపైనే ఆధారపడి ఉండేది.

ఒక లెవెలును నేరుగా చేరడానికి 16 అక్షరాల సంకేతాన్ని నమోదు చేయవలసి వచ్చేది. 100 మారియో ఛాలెంజ్ అనే విభాగంలో లెవెళ్ళు యాదృచ్ఛికంగా ఆటగాళ్ళకు ఎదురయ్యేవి. నచ్చనివాటిని దాటవేసే సౌకర్యం కూడా ఉండేది. లెవెళ్ళను వెదకడానికి బుక్‌మార్క్ అనే సదుపాయాన్ని నింటెండో 2015 డిసెంబరులో ప్రవేశపెట్టింది. 2016 డిసెంబరులో వచ్చిన నింటెండో 3డీఎస్ రూపంలో మాత్రం లెవెళ్ళను సర్వరుకు ఎక్కించే వీలే లేదు. దానిలో నిర్మించినవి దగ్గరలో ఉన్న మరొక 3డీఎస్ యంత్రానికి మాత్రమే చేరేవి.

వ్యాఖ్యలు పోవడం

వీ యూ రూపంలో వ్యాఖ్యలు మీవర్స్ అనే నింటెండో సేవ ద్వారా నడిచేవి. 2017 నవంబరులో మీవర్స్ మూతపడింది. దానితో గేములో వ్యాఖ్యలు వ్రాసే మార్గం పోయింది. ఆ తరువాత రూపకర్తలకు మిగిలినవి అంకెలు, నక్షత్రాలు మాత్రమే.

ఎవరూ పూర్తి చేయని లెవెళ్ళు

రూపకర్త తప్ప మరెవ్వరూ పూర్తి చేయని లెవెళ్ళు వేల సంఖ్యలో మిగిలిపోయాయి. ఇవన్నీ కఠినమైనవి కావు. కొన్నింటిని ప్రయత్నించినవారే బహు కొద్దిమంది. ఇటువంటి లెవెళ్ళను ఒక్కొక్కటిగా పూర్తి చేయాలని టీమ్ జీరో పర్సెంట్ అనే ఆటగాళ్ళ బృందం 2017లో ఏర్పడింది. 2021 మార్చి 31న కొత్త లెవెళ్ళను ఎక్కించే సదుపాయాన్ని నింటెండో నిలిపివేయడంతో, మిగిలినవాటి సంఖ్య ఇక పెరిగే అవకాశం లేకపోయింది. వీ యూ సర్వర్లను 2024 ఏప్రిల్‌లో మూసివేస్తామన్న ప్రకటన 2023 అక్టోబరులో వెలువడింది. దానితో బృందం పని వేగం పుంజుకున్నది.

2024 మార్చిలో ది లాస్ట్ డాన్స్ అనే లెవెలు పూర్తయిన పిమ్మట ట్రిమ్మింగ్ ద హెర్బ్స్ అనేది ఒక్కటే మిగిలింది. దానిని ఎక్కించేటప్పుడు తాను మనిషి చేతితో కాక సాధనం సహాయంతో పూర్తి చేసినట్లు రూపకర్త అదే నెలలో వెల్లడించాడు. అందువలన ఆ లెవెలును లెక్క నుండి మినహాయించి, బృందం తన లక్ష్యం నెరవేరినట్లు ప్రకటించింది. అయినను ప్రయత్నాలు ఆగలేదు. సర్వర్లు మూతపడడానికి కొద్ది రోజుల ముందు, ఏప్రిల్‌లో, ఒక ఆటగాడు దానిని కూడా పూర్తి చేసాడు.

ఏళ్ళ తరబడి ఎవరూ పూర్తి చేయని ప్రతి లెవెలుకు ఆ విధంగా చివరకు ఒక ఆటగాడు లభించాడు. కాని ఆ యంత్రాన్ని మళ్ళీ తెరవని రూపకర్తకు ఆ సంగతిని గేము తెలియజేయలేదు.

సూపర్ మారియో మేకర్ 2

2019 జూన్ 28న నింటెండో స్విచ్ కొరకు విడుదలైన రెండవ గేములో కొన్ని మార్పులు జరిగాయి. వ్యాఖ్యలను గేములోనే అంతర్భాగం చేసారు. ఆటగాళ్ళు లెవెలులో తాము చెప్పదలచిన చోటనే మాటలుగా గాని, బొమ్మగా గాని వ్యాఖ్యను ఉంచవచ్చును. ఇష్టమైనదని తెలిపే గుర్తుతో పాటు, ఇష్టపడలేదని తెలిపే బూ అనే గుర్తు కూడా ఏర్పడింది. లెవెళ్ళ పరిమితి మొదట 32 ఉండగా తరువాత 100కు పెంచారు. ఈ పరిమితికి నక్షత్రాలతో సంబంధం లేదు.

పర్యవసానాలు

స్పందన రాని రూపకర్తలలో కొందరు నిర్మాణం మానివేస్తారు. మరికొందరు సులభంగా గుర్తులు తెచ్చే నమూనాలను అనుసరిస్తారు. ఆటగాడు ఏ మీటా నొక్కకుండానే మారియో గమ్యం చేరే ఆటోమేటిక్ లెవెళ్ళు సూపర్ మారియో మేకర్‌లో విరివిగా రావడానికి ఇది ఒక కారణంగా చెప్పవచ్చును. నెమ్మదిగా ఆలోచింపజేసే లెవెళ్ళు వాటితో పోటీపడడం కష్టం.

2008 అక్టోబరులో ప్లేస్టేషన్ 3 కొరకు విడుదలైన లిటిల్‌బిగ్‌ప్లానెట్‌లో ఇచ్చిపుచ్చుకునే పద్ధతి వ్యాపించింది. ఒకరి లెవెలుకు హృదయం గుర్తు ఇస్తే వారు తిరిగి ఇవ్వడం దీనిలోని ఒప్పందం. దీని వలన అంకెలు పెరిగాయి గాని, లెవెలు బాగున్నదా లేదా అనే సమాచారం ఆ అంకెలలో లేకుండా పోయింది.

పరిష్కార ప్రయత్నాలు

డూమ్ అభిమానులు 2004 నుండి ఏటా కాకోవార్డ్స్ పేరుతో ఆ సంవత్సరపు మేలైన లెవెళ్ళను ఎంపిక చేసి, వాటిపై సమీక్షలు వ్రాస్తున్నారు. ఎక్కువ ఓట్లు వచ్చినది గెలిచే పద్ధతి ఇందులో లేదు. లెవెళ్ళను ఆడి చూసినవారు ఎంపిక చేస్తారు గనుక, తక్కువమంది ఆడిన లెవెలుకు కూడా గుర్తింపు లభించే వీలున్నది.

డబ్బు ద్వారా ప్రతిఫలం ఇచ్చే ప్రయత్నం కూడా జరిగింది. 2015 ఏప్రిల్ 23న స్కైరిమ్ గేముకు ఔత్సాహికులు చేసిన మార్పులను అమ్ముకునే ఏర్పాటును వాల్వ్, బెథెస్డా సంస్థలు ప్రవేశపెట్టాయి. అమ్మకపు ధరలో 25 శాతం రూపకర్తకు చెందేది. ఆటగాళ్ళ నుండి తీవ్ర వ్యతిరేకత రావడంతో ఏప్రిల్ 27న దీనిని ఉపసంహరించారు.

సర్వర్ల మూసివేత

వీ యూ సర్వర్లు 2024 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. లిటిల్‌బిగ్‌ప్లానెట్ యొక్క ప్లేస్టేషన్ 3 సర్వర్లు 2021లోనే మూసివేయబడ్డాయి. సర్వరుతో పాటు లెవెళ్ళు, వాటికి వచ్చిన నక్షత్రాలు, హృదయాలు, వ్యాఖ్యలు అన్నీ ఆటగాళ్ళకు అందకుండా పోయాయి. కొన్ని లెవెళ్ళను అభిమానులు ముందుగానే భద్రపరచారు. దీనికి భిన్నంగా, 1994 నాటి డూమ్ లెవెళ్ళు అనేకం నేటికీ లభిస్తున్నాయి. ఎవరైనా దించుకొని ఆడవచ్చును. అభిప్రాయం వ్రాసి పంపమని రూపకర్తలు ఇచ్చిన ఈ-మెయిలు చిరునామాలు వాటితో ఉన్న టెక్స్టు ఫైళ్ళలో ఇంకా అలాగే ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

* డూమ్
* కౌంటర్-స్ట్రైక్
* సూపర్ మారియో మేకర్
* లిటిల్‌బిగ్‌ప్లానెట్
* లోడ్ రన్నర్