ఇరవై సెంట్ల అభిమానం

నాలాంటి టోల్కీన్ పిచ్చాళ్ళకి భలే ఇష్టమైన కథ ఇది. 1965లో అమెరికాలో ఏస్ బుక్స్ వాళ్ళు కాపీరైట్‌లో లొసుగు ఉందని చెప్పి, ఆయన్ని అడక్కుండానే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పేపర్‌బ్యాక్ వేసేశారు. ఒక్కో భాగం 75 సెంట్లు. అదే ఏడాది బాలంటైన్ వాళ్ళు ఆయన అనుమతితో వేసింది 95 సెంట్లు.

చవకది వదిలేసి ఖరీదైంది ఎవరు కొంటారండీ? కొన్నారు! ఉత్తరాలు రాసిన అమెరికా అభిమానులకి జవాబిస్తూ పెద్దాయన ఈ గొడవ కూడా చెప్పేవాడు. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పాకి, ఏస్ పరువు పోయింది. 1966లో దిగొచ్చి రాయల్టీ కట్టారు, మళ్ళీ అచ్చెయ్యబోమన్నారు. కోర్టు మెట్లెక్కకుండానే!

కటౌట్లకి పాలాభిషేకాలు చేసే అభిమానం మనకి తెలుసు. రచయిత కూలి కోసం ఇరవై సెంట్లు ఎక్కువ పెట్టే అభిమానం నాకింకా ముచ్చటగా ఉంటుంది. అన్నట్టు, ఆ నాటి బాలంటైన్ ప్రతి దొరికితే వెనకట్ట చూడండి, టోల్కీన్ విన్నపం అక్కడే ఉంటుంది.