మైదాన వల

బంతి హద్దు దాటి జనం మీదికో రోడ్డు మీదికో పోకుండా ఆటస్థలం చుట్టూ స్తంభాలకు కట్టేది మైదాన వల. విజయవాడ–మచిలీపట్నం రహదారి నుంచి గుడివాడ దారి చీలే పామర్రు లాంటి కూడలి ఊళ్లలో, వాహనాల రద్దీ పక్కనే పిల్లలు ఆడుకునే చోట, దీని అవసరం మరీ ఎక్కువ. దారం ఎంత లావైతే వల అంత గట్టిదని చాలామంది నమ్మకం. నిజానికి బంతిని ఆపడంలో పెద్ద పాత్ర వల వదులుదే. సుమారు 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి 72 జౌల్‌లు. బిగించి కట్టిన వల దాన్ని 10 సెంటీమీటర్లలో ఆపాలంటే సగటున 720 న్యూటన్ల బలాన్ని తట్టుకోవాలి. వదులుగా వేలాడే వల మీటరు వెనక్కి జరిగి ఆపితే 72 న్యూటన్లు చాలు. ఈ రంగంలో మేలైన ఆవిష్కరణలన్నీ ఆ దెబ్బను వల అంతటా పంచడానికో, ఆ పంచే గుణాన్ని ఏళ్ల తరబడి నిలపడానికో పుట్టినవే.

లివర్‌పూల్ ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రాడీ 1890లో పేటెంటు పొందిన ఫుట్‌బాల్ గోలు వల రక్షణ కోసం కాదు, గోలు పడిందా లేదా అన్న తగవు తీర్చడానికి వచ్చింది. అప్పటి నూలు, జనపనార దారాలు తడికి కుళ్లేవి. 1935లో డ్యుపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన నైలాన్, 1950లలో వచ్చిన గట్టి పాలిథిన్ ఆ బాధ తప్పించాయి. నైలాన్ బాగా సాగుతుంది గానీ తడిస్తే కొంత బలం తగ్గుతుంది. పాలిథిన్ నీరు పీల్చదు. వానలూ ఉప్పుగాలీ ఉండే కృష్ణా డెల్టాకు అదే నయం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెండింటినీ పెళుసు చేస్తాయి కాబట్టి దారంలో నల్లటి కార్బన్ పొడి కలపడం చిన్న మార్పులా కనిపించినా వల ఆయుష్షును పెంచేది అదే. ముడి దగ్గర దారం బలహీనపడుతుంది. యంత్రం మీద ముడి లేకుండా అల్లే పద్ధతి ఆ లోపాన్ని తీసేసింది.

చేపల చెరువుల సీమలో పాత చేపల వల ఉండగా కొత్తది కొనడమెందుకని అడగవచ్చు. ఖర్చు మాట నిజమే. అయితే నీటిలో పనిచేయడానికి అల్లిన ఆ సన్నని వల ఏళ్ల తరబడి ఎండలో నిలవాలని చేసింది కాదు, పైగా పక్షులు అందులో చిక్కుకుంటాయి. ఇనుప జాలీ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, బంతిని ఆటగాడి మీదికే తిప్పికొడుతుంది. వల చూపుకు అడ్డమన్నది ఇంకో అభ్యంతరం. అయినా 2002లో అమెరికాలో ఐస్ హాకీ పక్ తగిలి ఒక బాలిక చనిపోయాక, అక్కడి జాతీయ లీగు గోలు పోస్టుల వెనుక ప్రేక్షకుల ముందు వలలు తప్పనిసరి చేసింది. సన్నగా ఉండి బలంగా నిలిచే దారాలు వచ్చాక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం గాలిది. ఈ డెల్టాలోని దివిసీమను 1977 నవంబరు తుపాను ముంచింది. కన్ను చిన్నదైనకొద్దీ, దారం లావైనకొద్దీ వల గాలిని ఎక్కువగా పట్టి స్తంభాలను లాగుతుంది. బంతి వ్యాసం 7 సెంటీమీటర్లకు పైనే కాబట్టి క్రికెట్‌కు 5 సెంటీమీటర్ల కన్ను సరిపోతుంది. అంతకన్నా చిన్న కన్ను ఇక్కడ వృథా బరువే. అంచు తాడును కప్పీల మీదుగా నడిపి, తుపాను హెచ్చరిక రాగానే వలను కిందికి దించగల ఏర్పాటు డెల్టా మైదానాలకు ఖరీదైన దారం కన్నా ముందు కావాలి.