ఊరు విడిచిన శిల్పములు

సామర్లకోట భీమేశ్వరాలయ స్తంభములపై గల శాసనములను ఊరి పిల్లలు నేటికిని అచటనే చూడవచ్చును. పంచారామములలో మరియొకటియైన అమరావతిలోని బౌద్ధస్తూపమునకు ఆ భాగ్యము లేకపోయినది. 18వ శతాబ్ది చివర మెకంజీ చూచునాటికే దాని రాళ్లను జమీందారు మనుషులు కట్టడములకు తరలించుచుండిరి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన పాలరాతి వంటి సున్నపురాతి ఫలకములు ముందు మద్రాసునకు, వానిలో చాల భాగము 1859లో లండనునకు చేరినవి. బ్రిటిష్ మ్యూజియములో అమరావతి శిల్పములు నేడు సుమారు 120 కలవు. వానిని విడిచిపెట్టుటకు 1963 నాటి ఆ దేశపు చట్టమే అడ్డు.

ప్రకాశం జిల్లా చందవరం ఫలకము కథ వేరు. అది దొంగసొత్తు. బుద్ధుని పూజించు భక్తులను చెక్కిన ఈ 3వ శతాబ్దపు రాతిని 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల న్యూయార్కు వర్తకురాలి వద్ద కొన్నది. భారతదేశములో నుండగా తీసిన పాత ఫోటో ఒకటి సాక్ష్యమైనది. రాతి పగుళ్లు మనిషి వేలిముద్రల వంటివి గదా! 1972 నాటి మన చట్టము అనుమతి లేని ఎగుమతిని నిషేధించుటచే వాదమునకు తావు లేకపోయినది. 2016లో ఫలకమును తిరిగి యిచ్చిరి.

అయితే దేశమునకు వచ్చుట వేరు, ఊరికి వచ్చుట వేరు. విదేశములనుండి వచ్చినవి పెక్కు ఢిల్లీ పురానా కిల్లాలోనే ఉండిపోవుచున్నవి. కావలి లేని పల్లెకు పంపుటకు అధికారులు జంకుట సహజమే. చందవరములో దొంగలు పడినదియు స్థానిక మ్యూజియములోనే.