మార్తకి తీరికెప్పుడు?

వేటపాలెంలో మగ్గాల వీధి వెంట నడిస్తే ఖాళీగా ఉన్న ఆడచెయ్యి కనిపించదు. గుంటమగ్గంలో కూర్చున్నవాణ్ణి నేతగాడంటారు. పక్కన కండెలు చుట్టే భార్యకి పేరు లేదు. పల్లెలో క్రైస్తవ స్త్రీలది ఇంకో రకం పని. జీడిపప్పు పొట్టు తీయడం, రుతువుని బట్టి మిరపకోతలు, పొద్దుగూకితే పొయ్యి. వీళ్లకే ఆదివారం పాస్టరుగారు చెబుతారు, రోజుకో అధ్యాయం చదువుకోండమ్మా అని. ఎప్పుడు చదవాలో చెప్పరు.

బదులుగా లూకా సువార్త పదో అధ్యాయం తీస్తారు. పనుల్లో తలమునకలైన మార్త, యేసు పాదాల దగ్గర కూర్చున్న మరియ. మార్తలా ఉండొద్దు, మరియలా ఉండండి అని ప్రసంగం. అది ముగిశాక కూటానికి వచ్చినవాళ్లందరికీ అన్నాలు వండేది మాత్రం మార్తలే! గురువు పాదాల దగ్గర కూర్చోవడమంటే ఆ కాలంలో శిష్యుడి స్థానం. ఒక స్త్రీ ఆ చోటు తీసుకుందన్న సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో జారిపోతుంది.

ఈ జిల్లాల చరిత్రలోనూ అలా జారిపోయినవాళ్లున్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన ఐదుగురి కథ ఇక్కడి బాప్టిస్టులందరికీ తెలుసు. జూయెట్ దొర పేరు మొదట వస్తుంది. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే: దొరసాని, జూలియా, రూతు. 1878లో, కరువు వెన్నంటి, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అక్షరాన్ని దగ్గరికి రానివ్వని వ్యవస్థలోంచి వచ్చిన ఆ జనానికి ఒక పుస్తకం చేతికందింది. మరి చదివే సమయం?

అది కొందరు స్త్రీలకి ఉద్యోగం రూపంలో దొరికింది. రామాపట్నం సెమినరీలో బోధకులతో పాటు వాళ్ల భార్యలూ చదువుకున్నారు. చిన్న జీతం మీద ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీలు వచ్చారు. నాకు ఇది పెద్ద విషయంగా తోస్తుంది. స్త్రీ పుస్తకం పట్టుకుంటే పనెగ్గొట్టడం అనేవాళ్లు, అదే ఆమె పని అయ్యేసరికి నోరెత్తలేకపోయారు. వినే స్త్రీకి మాత్రం పని ఆగలేదు. విసురుతూ, చెరుగుతూ విన్నది. విన్నది కంఠతా పట్టింది. కంఠతా పట్టడాన్ని చదువు కాదని తీసిపారేసేవాళ్లు, రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి ఇంకెలా చదవగలదో చెప్పాలి.

క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1882లో ఒంగోలు వచ్చింది. మిషనరీగానే, అప్పటికి ఎవరి భార్యగానూ కాదు. తర్వాత స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో ఆమె డాక్టరేట్ చేసింది మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద! స్త్రీల హక్కుల గురించిన ఆ పుస్తకం 1898లో వచ్చింది. మరుసటి ఏడే, ఈ ప్రాంతపు మాదిగల నోటి కథలతో రాసిన పుస్తకం అచ్చయింది. దానికి 'చెప్పులు కుడుతూ' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. చేతులు పనిలో ఉండగానే ఇక్కడి జ్ఞానం చేతులు మారుతుందని ఆమెకి తెలుసు. అయితే మిషన్ బంగళాల్లో వంటకీ ఇంటిపనికీ మనుషులుండేవారన్నదీ మర్చిపోకూడదు. ఆమెకి దొరికిన తీరికలో ఇంకెవరి పొద్దో ఉంది.

వేటపాలెం చదువుకి చోటు కట్టుకున్న ఊరు. సారస్వత నికేతనం 1918 నాటిది. చోటు ఊరు ఇవ్వగలదు, గంట ఎవరిస్తారు?

2013లో దక్షిణ ఇండియా సంఘం మొదటి మహిళా బిషప్పుని మన నంద్యాల డయోసిస్‌కే ఇచ్చింది, పుష్పలలితగారిని. అంత దూరం వచ్చాం. ఇప్పుడు ఫోనులో బైబిలు వినొచ్చు, పప్పు పొట్టు తీస్తూనే. మళ్లీ చెవులకే వచ్చాం. కానీ ఫోను చదువుకుంటూ పోతుంది, మధ్యలో ఆగి ఇదేమిటని అడిగితే పలకదు. సందేహముంటే ఇంటి దగ్గర భర్తనడగమంటాడు పౌలు, కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో. ఆ భర్త కూడా కూలి నుంచి అప్పుడే వచ్చి, అన్నం పెట్టమని కూర్చుని ఉంటాడు.