కొట్టం జాగలో రెండు గదులు

నవీపేట్‌లో నేను లోపలికి వెళ్లి చూసిన పాత ఇండ్లలో ఒక్కటి కూడా ఒకే విడతలో కట్టింది కాదు. పంట కలిసొచ్చిన ఏడు ఒక అర్ర, కొడుకు పెండ్లి కుదిరిన ఏడు ఇంకో అర్ర, బర్రెలు పెరిగితే వెనక కొట్టం. ఏ గోడ ఏ కాలానిదో దానికి వాడిన సరుకే చెబుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై, వెనకవైపు బాత్‌రూమ్‌తో సహా రెండు కొత్త గదులు వేయాల్సి వచ్చాక, మా ఇంటిని నేను మొదటిసారి ఆ కంటితో చూశాను.

అన్నిటికన్నా పాతది నడిమి భవంతి. ముత్తాత కట్టించాడు. రెండడుగుల మందం మట్టిగోడలు, వాటిలో దీపం గూళ్లు, చుట్టూ అర్రలు, మధ్యలో ఆకాశం కనబడే జాగ. కంబాలు, దూలాలు టేకువి. గోదావరి దాటితే నిర్మల్, ఆదిలాబాద్ అడవులే కాబట్టి మా వంటి మోస్తరు రైతులకు కూడా అప్పట్లో టేకు అందింది. పైన కుమ్మరి చేసిన గూనపెంక. ఎండాకాలంలో నలభై అయిదు డిగ్రీలు తాకే జిల్లా ఇది. మట్టిగోడ మందంగా ఉంటే పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. లోపల పోగైన వేడిగాలి నడిమి జాగలోంచి పైకి పోతుంది. ఫ్యాన్ లేని రోజుల్లో పెద్ద కుటుంబం నిద్రపోగలిగింది ఈ ఏర్పాటు వల్లే.

1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు మీటర్‌గేజి రైలు పడింది. నవీపేట్ ఆ దారిలో ఒక స్టేషన్. దూరపు సరుకు ఊళ్లో దిగడానికి దారి దొరికింది. మా ముందు వసారా మీద ఉన్నది బెంగుళూరు పెంక. ఆ రకం పెంకను 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు ఫ్యాక్టరీ పెట్టి చేయడం మొదలుపెట్టారు. కింద పరిచినవి గుల్బర్గా వైపు నుంచి వచ్చిన షాబాద్ బండలు. శనివారం మేకల అంగడికి ముందురోజే చేరుకునే బేరగాళ్లు ఆ బండల మీదే పడుకునేవారని నాయనమ్మ చెప్పేది.

1931లో నిజాంసాగర్ పూర్తయి, ఆ తర్వాత కొన్నేండ్లకు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు డబ్బు చూసిన ఇండ్ల మీద బంగ్లాలు లేచాయి. మాకు చెరుకు లేదు, పసుపు ఉంది. అందుకే మా ఇంటికి పసుపు అర్ర పెరిగింది. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాక ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, కాడి, మండ వేరు చేయాలి. ఇంత చేశాక కూడా నిజామాబాద్ మార్కెట్‌లో ధర బాగా లేకపోతే సంచులు ఇంట్లోనే ఆగాలి. చెమ్మ తగిలితే సరుకు పోయినట్టే. అందుకని ఆ అర్రకు కిటికీ లేదు, నేల మిగతా ఇంటికన్నా జానెడు ఎత్తు. ధర కోసం ఎదురుచూడటానికే కట్టిన గది అది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు ధర, బోర్డు అడుగుతూ నిజామాబాద్ స్థానానికి నూట డెబ్బైకి పైగా రైతులు నామినేషన్ వేసి నిలబడినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ చీకటి అర్రే. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. ఆ గదిలో సంచులు ఎన్నాళ్లు ఆగాలన్నది మాత్రం ఇప్పటికీ ధరే తేలుస్తుంది.

వెనక దర్వాజ మా ఇంటి కోసం చేసింది కాదు. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కింద గోదావరి ఒడ్డు ఊళ్లు మునిగాయి. వెళ్లిపోయేవాళ్లు కొందరు దూలాలు, దర్వాజలు విప్పి అమ్ముకున్నారు. తాత ఒకటి కొని బండి మీద తెచ్చాడు. కడప మీద చెక్కిన పువ్వులు ఎవరి ఇంటివో మాకు తెలియదు. నాయనమ్మ మాత్రం పండుగలకు ముందు దానికే పసుపు రాసేది.

ఎనభైల్లో చిన్నాయన దుబాయి నుంచి పంపిన డబ్బుతో ముందువైపు స్లాబు గది లేచింది. ఆ రోజుల్లో ఈ వైపు ఏ ఊళ్లో చూసినా గల్ఫ్ డబ్బు మొదట స్లాబుగానే కనబడేది. కోతులు కూడా ఒక కారణం. ఏటా వానల ముందు గూనపెంక సర్దించాలి, సర్దిన నెలకే కోతుల గుంపు దాన్ని చెల్లాచెదరు చేస్తుంది. పెంక సర్దేవాళ్లూ తగ్గిపోయారు. జనం స్లాబుకు పోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ మా స్లాబు గదిని మట్టిగోడకు ఆనించి కట్టారు. ఆ అతుకు దగ్గర పగులు వచ్చింది, సిమెంటుతో మూసిన ప్రతిసారీ మళ్లీ తెరుచుకుంది. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. భవంతి ఎన్నో ఏండ్లుగా దిగాల్సినంత దిగి కుదురుకుంది. కొత్త కట్టడం అప్పుడే దిగడం మొదలుపెట్టింది. రెంటినీ ఒకటిగా కడితే పగలక ఏం చేస్తుంది?

అన్న మొత్తం పడగొట్టి జీ ప్లస్ వన్ వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొట్టం కూలిన జాగ ఖాళీగానే ఉంది, అక్కడ కడదామన్నాను. ముగ్గు పోసే రోజు సుతారి కాక కూడా వాదించాడు.

"పాత గోడకు ఆనిచ్చి కడితే ఒక గోడ ఖర్చు మిగుల్తది బిడ్డా."

"మిగలకున్నా మంచిదే కాకా, మూడడుగులు ఇడిచిపెట్టుండ్రి."

ఆ మూడడుగుల సందే నా దృష్టిలో ఈ కట్టడంలో అసలు పని. కొత్త పిల్లర్ల గుంతలు పాత పునాదికి దూరంగా, రేగడి దాటి మొరం తగిలేదాకా తవ్వించాం. గుంత గోడ పక్కనే తవ్వితే రాయి, మట్టి పేర్చిన పాత పునాది జారుతుంది. పెంక చూరు నీళ్లు సందులోకే పడి కాలువలో పోతాయి, ఏ గోడనూ తడపవు. సందు మీద తేలికపాటి రేకు పందిరి వేస్తాం. దాన్ని మోసేది కొత్త గదుల పిల్లర్లే, భవంతి మీద మేకు కూడా దిగదు. అమ్మ గది నుంచి నడిమి జాగ దాకా మధ్యలో ఎక్కడా మెట్టు లేదు. ముంపు ఊరి దర్వాజకు కడప ఎత్తు ఎక్కువ. దాన్ని కోయడానికి మనసొప్పక, రెండువైపులా నేలనే వాలుగా లేపుతున్నాం.

సుతారి కాకతో ఇంకా తేలనిది మట్టిగోడల పూత. లోపలి చెమ్మ బయటికి పోకుండా సిమెంటు పూత అడ్డుపడుతుంది, గోడ లోలోపలే మెత్తబడి, పూత పెచ్చులుగా ఊడుతుంది. సున్నం ఆ చెమ్మను వదిలేస్తుంది. ఎండలో కట్టే ఇండ్ల గురించి బాగా ఆలోచించిన లారీ బేకర్ తిరువనంతపురంలో, హసన్ ఫతీ ఈజిప్టులో ఊళ్లో దొరికే సరుకునే నమ్ముకున్నారని కాకకు చెప్పాను. ఆయనకు వాళ్లతో పనిలేదు. తన నాయన బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపి గానుగలో సున్నం నూరించడం చిన్నప్పుడు చూశాడట. కొలత మాత్రం సరిగ్గా గుర్తులేదంటున్నాడు. పసుపు అర్ర వెనక గోడ మీద ఒక గజం మేర పూసి, ఒక వానాకాలం చూసి, నిలబడితే మిగతాది చేద్దామని ఒప్పుకున్నాడు. సున్నం తడపడానికి గుంత తవ్వించాం.