ఇక్కడ అచ్చయిన మాట, అక్కడ పడిన శిక్ష

(రేడియో ప్రసంగ పాఠం)



పోయిన నెలలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని కబుర్లలో పడ్డారు. కబుర్లు ఎటు తిరిగినా చివరికి రాజకీయాల దగ్గరికే వస్తాయి కదా! మా బావగారు ఈ దేశం వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. "ఇది అమెరికా అండీ, ఇక్కడ ఎవర్నేమన్నా అనొచ్చు, అడిగేవాడు లేడు" అన్నారు. ఆ మాట పూర్తి కాకుండానే ఒక వదినగారు అందుకున్నారు. "మీకు సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి అలాగే అంటారు అన్నయ్యగారూ! మా తమ్ముడి కొడుకు స్టూడెంట్ వీసా మీద వచ్చాడు. వాడికి నేను చెప్పేది ఒకటే. ఎక్కడా ఏమీ రాయకు నాయనా, నోరు కట్టుకుని చదువుకో అని."

ఇద్దరు చెప్పినదాంట్లోనూ నిజం ఉంది. ఇద్దరూ వదిలేసింది కూడా కొంత ఉంది. అదేమిటో తెలియాలంటే నూరేళ్ళు దాటి వెనక్కి, ఈ శాన్‌ఫ్రాన్సిస్కోకే వెళ్ళాలి.

దరిశి చెంచయ్యగారి పేరు మీలో ఎంతమంది విన్నారో తెలియదు. ఒంగోలు దాటి పడమరకు వెళ్తే వచ్చే కనిగిరి ఆయనది. 1912లో పైచదువుల కోసం ఈ దేశం వచ్చారు. బర్క్‌లీలో వ్యవసాయశాస్త్రం చదివారు. ఇవాళ మన పిల్లలు ఎలా వస్తున్నారో అలాగే, ఇంట్లోవాళ్ళ ఆశలన్నీ మూటగట్టుకుని ఓడ దిగిన కుర్రవాడు. ఇక్కడికొచ్చాక గదర్ పార్టీలో చేరారు. ఆ పార్టీలో ఎక్కువమంది పంజాబీ రైతులు, మిల్లు కూలీలు, మాజీ సైనికులు. మన తెలుగువాడు అందులో కనబడటమే అరుదు. ఆ తరవాత ఏమైందో "నేనూ నా దేశం" అనే ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు.

గదర్ అంటే తిరుగుబాటు. 1913లో ఆరిగన్, కాలిఫోర్నియాలలోని మనవాళ్ళు కూడి పెట్టుకున్న పార్టీ అది. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు, లాలా హరదయాళ్ ముఖ్య రచయిత. 1913 నవంబరు 1న "గదర్" పత్రిక మొదటి సంచిక ఉర్దూలో వెలువడింది. కొద్ది వారాలకే గురుముఖి లిపిలో పంజాబీ సంచిక కూడా వచ్చింది. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాళ్ళు చేత్తో తిప్పే యంత్రం మీద అచ్చువేసేవారు. వాళ్ళలో కర్తార్ సింగ్ సరాభా వయసు అప్పటికి పదిహేడు. రాసింది మెత్తని మాటలు కావు. బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఆయుధంతో కూలదోయాలని సూటిగా రాశారు. తిరుగుబాటుకు మనుషులు కావలెనని, ఉద్యోగ ప్రకటన వేసినట్టు వేశారు.

ఆ మాటలు శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చువేసినందుకు అప్పట్లో ఎవరూ జైల్లో పెట్టలేదు. అదే మాట మన గడ్డ మీద అంటే ఏమయ్యేదో తెలుగువాళ్ళకు అప్పటికే తెలుసు. 1908లో బెజవాడ నుంచి వచ్చే "స్వరాజ్య" వారపత్రికలో ఒక వ్యాసం వేసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి మీద 124ఎ సెక్షన్ కింద రాజద్రోహం కేసు పెట్టారు. పైకోర్టుకు వెళ్ళింది ఆయన కాదు, శిక్ష చాలలేదని ప్రభుత్వమే వెళ్ళింది. చివరికి మూడేళ్ళ కఠినశిక్ష పడింది. వేలూరు జైల్లో ఆయన పడిన బాధలు ఆ తరంవాళ్ళు కథలుగా చెప్పుకునేవారు.

అంటే ఒక్క మాటకు ఒకే కాలంలో రెండు ధరలు. ఇక్కడ తపాలాబిళ్ళ ఖర్చు, అక్కడ మూడేళ్ళ జైలు. గదర్ వాళ్ళకు అమెరికా నచ్చింది ఇందుకే. కానీ మాట అచ్చయినచోటే ఆగిపోదు కదా! పత్రిక కట్టలు షాంఘై, హాంకాంగ్, సింగపూర్, మనీలా, మన దేశం అన్నిచోట్లకీ వెళ్ళాయి. బ్రిటిష్ ప్రభుత్వం కస్టమ్స్ చట్టం కింద ఆ పత్రికను ఇండియాలోకి రానివ్వకుండా నిషేధించింది. అయినా ఉత్తరాల్లో మడిచి పంపేవారు. రాసినవాడు ఒక చట్టం కింద ఉన్నాడు. కవరు విప్పి చదివినవాడు వేరే చట్టం కింద ఉన్నాడు. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. మిగిలిన కథంతా దీనిమీదే నడుస్తుంది.

రాసినవాళ్ళకు మాత్రం ఇక్కడ అంతా నల్లేరు మీద బండి నడకేమీ కాలేదు. పసిఫిక్ తీరంలో మనవాళ్ళు ఎక్కడ సభ పెట్టినా ఎవరు ఏం మాట్లాడారో రాసుకునే వేగులు ఉండేవారు. కెనడా ఇమ్మిగ్రేషన్‌లో పనిచేసిన హాప్‌కిన్సన్ అనే అధికారి ఆ సమాచారమంతా బ్రిటిష్ వారికి చేరవేసేవాడు. 1914 మార్చిలో హరదయాళ్‌ను అరెస్టు చేశారు. ఏ చట్టం కింద అనుకున్నారు? పత్రికల చట్టం కాదు, రాజద్రోహం కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టం! అరాచకవాదులైన విదేశీయులను దేశంలోకి రానివ్వకూడదు, వచ్చినవాళ్ళను పంపేయాలి అని అప్పటికే ఒక నిబంధన ఉంది. ఒక అధ్యక్షుడిని అరాచకవాది కాల్చి చంపాక 1903లో చేసిన చట్టం అది. మాట్లాడినందుకు పౌరుణ్ణి పట్టుకోలేనిచోట, విదేశీయుణ్ణి పట్టుకోవడానికి దారి ఉందన్నమాట. హరదయాళ్ బెయిలు మీద బయటికొచ్చి స్విట్జర్లాండు వెళ్ళిపోయారు.

అయిదు నెలలు తిరక్కుండానే, 1914 ఆగస్టులో, ప్రపంచయుద్ధం మొదలైంది. ఇళ్ళకు పోయి తిరుగుబాటు చెయ్యండని పత్రిక పిలుపునిచ్చింది. వేలమంది కదిలారు. పొలాలు, సంపాదన వదిలేసి ఓడలెక్కారు. మరి అవతల ఒడ్డున ఏం జరిగింది? 1914 సెప్టెంబరులోనే బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. విదేశాల నుంచి వచ్చేవాళ్ళను విచారణ లేకుండా ఆపి, ఊళ్ళలో నిర్బంధించే అధికారం దానితో వచ్చింది. 1915 మార్చిలో భారత రక్షణ చట్టం వచ్చింది. ముగ్గురు కమిషనర్ల ప్రత్యేక న్యాయస్థానం, అప్పీలు లేదు. వీళ్ళు ఓడలెక్కినప్పుడు ఈ చట్టాలు లేవు. దిగేసరికి ఒకటి సిద్ధంగా ఉంది, రెండోది కోర్టులో నిలబడేసరికి వచ్చింది.

1915 ఫిబ్రవరిలో తలపెట్టిన తిరుగుబాటు వేగుల వల్ల ముందే బయటపడింది. మొదటి లాహోరు కుట్రకేసులో 24 మందికి ఉరిశిక్ష వేశారు. వైస్రాయి 17 మందికి దాన్ని తగ్గించాడు. మిగిలిన ఏడుగురిని 1915 నవంబరులో ఉరితీశారు. సరాభా వయసు అప్పటికి పంతొమ్మిది. వాళ్ళమీద మోపింది మాటల నేరం ఒక్కటే కాదు. దోపిడీలు, హత్యలు, బాంబులు కూడా ఉన్నాయి. కానీ అమెరికాలో చట్టం తప్పుపట్టని ఆ రాతలే అక్కడ కుట్రకు సాక్ష్యమయ్యాయి.

మన చెంచయ్యగారు అటు బర్మా సరిహద్దు వైపు పంపినవాళ్ళలో ఉన్నారు. 1915లో సయాంలో, అంటే ఇప్పటి థాయిలాండులో, పట్టుబడ్డారు. యుద్ధకాలమంతా జైళ్ళలోనే గడిచిపోయింది. వ్యవసాయశాస్త్రం చదువుకుని వస్తాడని కనిగిరిలో ఎదురుచూసిన ఆ ఇంటివాళ్ళను ఒక్కసారి తలుచుకోండి.

మరి ముఖ్య రచయిత ఏమయ్యారు? హరదయాళ్ యుద్ధకాలంలో జర్మనీలో ఉన్నారు. అక్కడివాళ్ళతో పొసగలేదు. 1919 నాటికి అభిప్రాయం మార్చుకున్నారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో ఉండటమే మేలని 1920లో ఏకంగా పుస్తకమే రాశారు. తరవాత లండనులో డాక్టరేటు తీసుకుని, 1939లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనటంలేదు. మనిషన్నాక అభిప్రాయాలు మారతాయి. కానీ ఆయన మాట నమ్మి ఓడ ఎక్కినవాడికి అభిప్రాయం మార్చుకునే వ్యవధి లేకపోయింది.

ఇక అమెరికా సంగతి. 1917 ఏప్రిల్‌లో ఈ దేశం కూడా యుద్ధంలో దిగింది. నిన్నటిదాకా చూసీచూడనట్టున్న పోలీసులు వెంటనే గదర్ వాళ్ళను అరెస్టు చేశారు. 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ జరిగింది. ఇక్కడా మోపింది రాజద్రోహం కాదు. జర్మన్ల డబ్బుతో ఆయుధాలు కొని ఓడలో పంపబోయారని, అమెరికా తటస్థంగా ఉన్న రోజుల్లో ఆ తటస్థతను భంగపరిచారని కేసు. 29 మందిని దోషులుగా తేల్చారు. చివరిరోజున, నిండు కోర్టులో, హరదయాళ్ తరవాత పత్రిక నడిపిన రామచంద్రను సహ నిందితుడైన రాంసింగ్ కాల్చి చంపాడు. మార్షల్ ఒకడు అక్కడికక్కడే రాంసింగ్‌ను కాల్చేశాడు.

శిక్షలు పూర్తయ్యాక వీళ్ళను ఇండియాకు పంపేయాలని ప్రయత్నం జరిగింది. పంపితే అక్కడ ఉరికంబమేనని భయం. ఇక్కడి కొందరు అమెరికన్లు, మనవాళ్ళు కలిసి 1919లో "ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రీడమ్ ఫర్ ఇండియా" అని సంఘం పెట్టి పోరాడారు. వాళ్ళను పంపడం ఆగిపోయింది. అందరూ నోరుమూసుకుని ఉంటే ఆ ప్రాణాలు దక్కేవా చెప్పండి?

ఆ రోజుల్లో సొంత పౌరులకు కూడా ఈ దేశంలో పెద్ద రక్షణ లేదు. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ 1918లో యుద్ధానికి వ్యతిరేకంగా ఒక్క ఉపన్యాసం ఇస్తే పదేళ్ళ శిక్ష వేశారు. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. ఇవాళ మా బావగారు చెప్పే స్వేచ్ఛ 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసు తీర్పుతో గానీ గట్టిపడలేదు. వెంటనే చట్టవిరుద్ధమైన పని చేయించాలని రెచ్చగొట్టి, అది జరిగే అవకాశం కూడా ఉంటే తప్ప, ఉత్త ప్రబోధం నేరం కాదని ఆ తీర్పు. అంటే ఈ స్వేచ్ఛ వయసు అరవయ్యేళ్ళు కూడా లేదు!

అయితే గదర్ నాటి మరో తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఎప్పుడో మానేసిన కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వానికి గాను, దశాబ్దాలుగా ఇక్కడ ఉన్న విదేశీయులను పంపేయవచ్చని 1952లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025లో కొందరు విదేశీ విద్యార్థులకు రాజకీయ అభిప్రాయాలు, నిరసనల కారణంగా వీసాలు రద్దయ్యాయి. దానిమీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. అదే ఏడాది జూన్ నుంచి, విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అధికారులు చూసేలా తెరిచి ఉంచాలని నిబంధన పెట్టారు. వదినగారి భయం ఉత్తిదేమీ కాదు.

మరి అవతల ఒడ్డు? హరిసర్వోత్తమరావుగారిని జైలుకు పంపిన 124ఎ స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్భయ్యయిదేళ్ళు నిలిచింది. 2022 మేలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టించింది. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత వచ్చాక రాజద్రోహం అన్న పేరు పోయింది గానీ, దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే మాటలకు 152వ సెక్షన్ ఉంది. మనలో చాలామంది దగ్గరున్న ఓసీఐ కార్డును, రాజ్యాంగం పట్ల విముఖత చూపారని తేలితే రద్దుచేసే వీలు పౌరసత్వ చట్టంలో ఉంది.

ఇవన్నీ భయపెట్టడానికి చెప్పలేదండీ. ఆనాడు కవరులో మడిచిన కాగితం సముద్రం దాటడానికి నెల పట్టేది. ఇవాళ మన పిల్లవాడు రాసింది రెప్పపాటులో కనిగిరిలో ఉన్న మేనత్త ఫోనులోకి చేరుతుంది. ఆవిడ దాన్ని ఇంకొకరికి పంపితే, ఆ పంపడం ఆవిడ దేశంలో, ఆవిడ చట్టం కింద జరిగిన పని. అందుకే మూడు సంగతులు పిల్లలతో కూర్చుని మాట్లాడమని నా మనవి. నేను ఏ చట్టం కింద ఉన్నాను, పౌరుడిగానా, వీసా మీదా? ఇది చదివేవాళ్ళు ఏ చట్టం కింద ఉన్నారు? నేను చెబుతున్నది అభిప్రాయమా, లేక ఫలానావాడి మీద పడండి అని ఉసిగొల్పడమా? మొదటిదానికి ఈ దేశంలో గట్టి రక్షణ ఉంది. రెండోది చాలాచోట్ల నేరమే.

వుడ్ స్ట్రీట్‌లో, గదర్ పార్టీ ఆఫీసు ఉండిన స్థలంలో, ఇప్పుడు ఒక స్మారక భవనం ఉంది. వచ్చే సెలవుల్లో ఆ తమ్ముడి కొడుకును మాతో పంపమని వదినగారిని అడిగాను. "మళ్ళీ రాజకీయాలేనా?" అన్నారు. "కాదమ్మా, చెంచయ్యగారి పుస్తకం వాడి చేతిలో పెట్టి, అది చదివాక ఏం రాయాలో, ఏం రాయకూడదో వాణ్ణే తేల్చుకోమందాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, ముందు ఆ పుస్తకం నాకివ్వండి" అన్నారు.